పాత వంద సీసీ బండికి టైమింగ్ చైన్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా? ఎడమ పక్క ఒకటే కటకటా సౌండు

లంక కుర్రోడు:

అందరికీ నమస్తే అండి. మాది రాజోలు దగ్గర ఒక లంక ఊరు. నాన్నగారి బండి వంద సీసీ, 2006 మోడల్, కిక్ స్టార్టు, సిలిండరు ముందుకి పడుకుని ఉంటది చూడండి ఆ రకం. మీటరు 78 వేల దగ్గర కేబుల్ తెగి ఆగిపోయింది, ఆ తర్వాత ఎంత తిరిగిందో దేవుడికే తెలియాలి. రోజూ ఇంటి నుంచి చెరువు గట్టు దాకా, గట్టు నుంచి ఇంటికి, ఎప్పుడన్నా రాజోలు, అంతే దాని బతుకు.

విషయం ఏంటంటే నెల పైనుంచి ఇంజిన్ ఎడమ పక్క కటకటకటా ఒకటే సౌండు అండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కిక్ కొట్టగానే గట్టిగా వస్తది, వేడెక్కాక కాస్త తగ్గుద్ది గానీ పూర్తిగా పోదు, ఐడ్లింగ్‌లో ఎక్కువ, రేజింగ్ ఇచ్చి ఒక్కసారి వదిలేస్తే గరగరమంటా దిగుద్ది. టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు సరిచేసేవి) అనుకుని ఊళ్ళో సెట్ చేయించాం, ఏం తేడా లేదు. ఇక టౌన్‌లో ఒకాయనకి చూపిస్తే టైమింగ్ చైన్, అదే ఇంజిన్ లోపల వాల్వుల్ని టైముకి తెరిపించే చైన్, అయిపోయింది ఇంజిన్ విప్పాలి, పనిలో పని బోరు కూడా కొట్టించేద్దాం (సిలిండరు లోపల చెక్కించడం), ఆరు వేల దాకా అవుద్ది అన్నాడు. పొగ లేదు, పికప్పు కూడా బానే ఉంది, మరి బోరు ఎందుకండీ అంటే ఎలాగూ విప్పుతున్నాం కదా అంటాడు.

నాకు పానాలు కొత్త కాదండి, చెరువు మీద డీజిల్ ఇంజన్లు, ఏరియేటర్ల గేరుబాక్సులు నేనే విప్పుకుంటాను. ఇది మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. చైన్ ఒక్కటి మారిస్తే చాలా లేక సెట్టు మొత్తం మార్చాలా, సిలిండరుకి మూతలా ఉండే హెడ్డు దించకుండా అవుద్దా, ఏ పానాలు కావాలి, టైమింగ్ తప్పితే ఏమవుద్ది, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. నాన్నగారైతే బండి జోలికి వెళ్ళావంటే చూస్కో అంటున్నారు, ఆయన పెళ్ళిళ్ళకని రెండ్రోజులు తణుకు వెళ్తున్నారు, ఆ లోపు అయిపోవాలి.


భీమవరం బుల్లెట్టు:

ఆయ్, విప్పడం ఎంతసేపు తమ్ముడూ, బిగించాక నాలుగు బోల్టులు చేతిలో మిగులుతాయి చూడు, అసలు మజా అక్కడ ఉంటది. మా పాత 350కి అయితే టైమింగ్ చైనే లేదు, పుష్‌రాడ్లు గేర్లు, అందుకే హాయిగా ఉన్నాం. ఆయిల్ మాత్రం ఇంటి ముందు ముగ్గేసినట్టే కారుద్ది, అది వేరే సంగతి.

జోకులు పక్కన పెడితే మన ఫోరంలో పాత పానా గారని ఉన్నారు, ఆయన చూసేదాకా ఏదీ విప్పకు.


పాత పానా:

ఇప్పుడే చూశాను. అబ్బాయ్, చైన్ మార్చడం ఇంట్లో అవుద్దా అంటే అవుద్ది, డీజిల్ ఇంజన్లు విప్పేవాడివి కాబట్టి నీకు భయం లేదు. కానీ ముందు తేల్చుకోవాల్సింది ఆ సౌండు అసలు చైన్‌దేనా అని. నేను పాలకొల్లులో షెడ్డు నడిపిన రోజుల్లో చైన్ పోయిందండీ అని వచ్చిన బళ్ళలో చాలావాటికి చైన్ కంటే ముందు దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనరు పోయి ఉండేది, లేకపోతే రోలర్ల రబ్బరు. పైన చైన్ ఒక్కటి మార్చి పంపిస్తే నాలుగు నెలలకి మళ్ళీ అదే సౌండుతో వచ్చేస్తాయి, తిట్లు మనకి.

లోపల ఏముంటదో ముందు బుర్రకి ఎక్కించుకో. ఈ పడుకున్న ఇంజిన్ ఏర్పాటు 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చినప్పటి నుంచి పెద్దగా మారలేదు. ఎడమ పక్క కవరు తీస్తే మాగ్నెట్, అదే కరెంటు పుట్టించే అయస్కాంతాల చక్రం, దాని వెనక కాయిల్ ప్లేటు, ఆ ప్లేటు వెనక క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) మీద చిన్న స్ప్రాకెట్టు, అంటే పళ్ళ చక్రం. అక్కడి నుంచి చైన్ సిలిండరు పక్కనున్న గూట్లోంచి వెళ్ళి హెడ్డులో కామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) స్ప్రాకెట్టు ఎక్కుద్ది. క్రాంకు రెండు రౌండ్లు తిరిగితే కామ్ ఒక రౌండు తిరగాలి, ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ చైనే. అది వదులు అవకుండా ఒక ఆర్ము, ఆర్ము చివర రోలరు, ఆ ఆర్ముని కింద నుంచి తోసే పుష్‌రాడ్డు, పుష్‌రాడ్డు తల మీద రబ్బరు, కింద స్ప్రింగు, అడుగున సీలింగ్ బోల్టు. ఆ పుష్‌రాడ్డు గూట్లో ఇంజినాయిల్ నిండుతుంటది, చైన్ అదురు ఆపేది స్ప్రింగు ఒక్కటే కాదు ఆ ఆయిల్ కూడా. సిలిండరు గూట్లో ఇంకో గైడ్ రోలరు ఉంటది, అదీ రబ్బరే.

ఇప్పుడు ఏమీ విప్పకుండా చూసేవి చెప్తా. మెయిన్ స్టాండు మీద నిలువుగా పెట్టి ఆయిల్ చూడు, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్కు మర తిప్పి బిగించి చూడకూడదు, ఊరికే దింపి తియ్యాలి, చాలామంది బిగించి చూసి ఆయిల్ బానే ఉందనుకుంటారు. ఆయిల్ తక్కువైతే టెన్షనరు గూడు నిండదు, సౌండు వచ్చేస్తది. తర్వాత బండి స్టార్టులో ఉండగా క్లచ్ పట్టుకో, సౌండు మారితే అది క్లచ్ పక్కది, చైన్ కాదు. ఆ తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవరు మొన హెడ్డు మీద టాపెట్ మూత దగ్గర ఆనించి పిడి చెవికి పెట్టుకుని విను, అలాగే ఎడమ పక్క గుండ్రటి కవరు మీద, సిలిండరు పక్కన, కింద టెన్షనరు బోల్టు దగ్గర. టాపెట్ సౌండు టిక్కుటిక్కుమని లెక్కగా వస్తది, స్పీడు పెంచితే దాంతోపాటే పెరుగుద్ది. చైన్ సౌండుకి లెక్కాపత్రం ఉండదు, రేజింగ్ వదిలినప్పుడు ఎక్కువ గోల చేస్తది, నువ్వు రాసింది అదే. పొద్దున్నే గట్టిగా వచ్చి తర్వాత తగ్గుతుందన్నావు కాబట్టి నా అనుమానం ముందు టెన్షనరు మీద.

బండి చల్లగా ఉన్నప్పుడు సీలింగ్ బోల్టు విప్పు, ఆయిల్ డ్రెయిన్ బోల్టు కాదు అది వేరే. కింద గిన్నె పెట్టుకో, కాస్త ఆయిల్ వస్తది. స్ప్రింగు, పుష్‌రాడ్డు చేతిలోకి వస్తాయి, ఏది పైన ఏది కింద అన్నది ఫోటో తీసుకో. రబ్బరు తల గట్టిపడి పగిలిందా చూడు. ఇవన్నీ చూసి ఇక్కడ రాయి, ఆ తర్వాత చైన్ సంగతి మాట్లాడదాం. ఇంకోటి, 2022 జూలై వరదకి మీ లంకలు మునిగాయి కదా, బండి నీళ్ళలో ఉందా?


చెరువు గట్టు:

నాకూ ఇదే బండి ఇదే సౌండు అండి, నర్సాపురం. మా వాళ్ళు 20డబ్ల్యూ50 పోయించమన్నారు, పోయించాను, సౌండు సగం తగ్గిపోయింది. ఇన్ని తంటాలు ఎందుకండీ, చిక్కటి ఆయిల్ పోసేస్తే సరిపోద్ది కదా?


కాకినాడ డిప్లొమా:

గట్టు గారూ, సౌండు తగ్గడం వేరు అరుగుదల తగ్గడం వేరు అండి. చిక్కటి ఆయిల్ వదులుని కాస్త కప్పేస్తది అంతే, వినపడదు కాబట్టి మనం మర్చిపోతాం, లోపల చైన్ అలాగే కొట్టుకుంటా ఉంటది. ఈ ఇంజిన్‌కి కంపెనీ చెప్పింది 10డబ్ల్యూ30, పట్టేది ఒక లీటరు దగ్గర, దారులు సన్నవి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చిక్కటి ఆయిల్ హెడ్డు దాకా ఎక్కడానికి ఎక్కువ టైం పడుద్ది, అసలు అరుగుదల ఎక్కువగా ఉండేది ఆ మొదటి నిమిషంలోనే. ఇంకోటి కొంతమంది కారు ఆయిల్ పోస్తారు, అది అస్సలు వద్దు, మన బండికి క్లచ్ కూడా ఆ ఆయిల్లోనే మునిగి ఉంటది, డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్లో మునిగే క్లచ్‌కి పనికొస్తదన్న గుర్తు) అని ఉండాలి, లేకపోతే క్లచ్ జారుద్ది.

టైమింగ్ చైన్ సాగింది అంటాం కదా, అసలు ఆ ఇనప ప్లేట్లు ఏం సాగవు. ప్రతి లింకులో పిన్నూ బుష్షూ ఒకదాన్నొకటి రాసుకుని వెంట్రుకవాసి అరుగుద్ది, అన్ని లింకుల అరుగుదలా కలిపితే చైన్ పొడుగైపోద్ది. పొడుగైతే సౌండు ఒక్కటే కాదు, కామ్ వెనకబడుద్ది, వాల్వులు తెరుచుకోవాల్సిన దాని కన్నా లేటుగా తెరుచుకుంటాయి, పికప్పు మైలేజీ మెల్లగా దిగుద్ది, మెల్లగా కాబట్టి రోజూ నడిపేవాడికి తెలియదు.

నేను అడగాలనుకున్నది ఒకటి ఉంది కుర్రోడు గారూ. చెరువుకి బండి మీద వెళ్ళేవాళ్ళు రాత్రి చెక్ ట్రేలు, అదే రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిసే పళ్ళేలు, చూడ్డానికి బండి గట్టు మీద స్టార్టులో ఉంచి హెడ్‌లైటు వేసుకుంటారు కదా, మీ నాన్నగారు కూడానా? పాత బళ్ళకి హెడ్‌లైటు ఏసీ కరెంటు మీద, ఇంజిన్ ఆపితే లైటు పోద్ది, అందుకని గంటలు గంటలు ఐడ్లింగ్‌లో వదిలేస్తారు. మీటర్లో అదేం పడదు. పైగా ఇంటి నుంచి చెరువుకి రెండు కిలోమీటర్లు వెళ్ళి ఆపేస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపల పట్టిన చెమ్మ, ఆయిల్లోకి దిగిన పెట్రోలు ఆవిరై పోవడానికి వీలుండదు, ఆయిల్ పల్చబడి చెడుద్ది. హైవే మీద రోజూ రాజమండ్రి తిరిగే బండి లక్ష దాటినా చైన్ బాగుంటది, గట్టు మీద తిరిగే బండికి అందులో సగానికే పోవచ్చు. మన ఏరియాలో ఆయిల్ మార్చేది కిలోమీటర్లు చూసి కాదు, నెలలు చూసి మార్చాలి అని నేను అందరికీ చెప్తా ఉంటాను, ఎవరూ వినరు.


లంక కుర్రోడు:

అందరికీ థాంక్సండి. పానా బాబాయ్ గారూ మీరు చెప్పినట్టే చూశాను.

డిప్‌స్టిక్కు కొసకి కూడా సరిగ్గా అంటలేదండి ఆయిల్. రంగు తెల్లగా, మూత లోపల జిడ్డుగా తెల్లటి మడ్డి. క్లచ్ పట్టుకుంటే సౌండు ఏం మారలేదు. స్క్రూడ్రైవరు పెట్టి వింటే టాపెట్ల దగ్గర మామూలుగానే ఉంది, సిలిండరు ఎడమ పక్క, కింద బోల్టు దగ్గర గట్టిగా వస్తంది. సీలింగ్ బోల్టు తీస్తే పుష్‌రాడ్డు తల మీద రబ్బరు సగం లేదు! ఊడిపోయి ఎక్కడికో పోయింది.

వరద సంగతి కూడా కరెక్టే. 2022లో బండి సీటు దాకా నీళ్ళలో ఉంది, మేం పడవ మీద బయటికి వచ్చేశాం, బండి అరుగు మీదే వదిలేశాం. తర్వాత షెడ్డులో ఆయిల్ మార్చి ఇచ్చేశారు. డిప్లొమా గారు చెప్పిన లైటు సంగతి అచ్చం మా నాన్నగారే, ఫోన్లో చదివి వినిపిస్తే నవ్వేశారు.

తెల్లటి మడ్డి అంటే హెడ్డు ప్యాకింగ్ పోయిందంటారా?


పాత పానా:

మన బండికి నీళ్ళ కూలింగ్ లేదు అబ్బాయ్, గాలితో చల్లబడే ఇంజిన్, హెడ్డు ప్యాకింగ్ పోతే ఆయిల్లోకి వచ్చే నీళ్ళు ఎక్కడివి? అది చెమ్మే. వరదకి మునిగిన బండి ఆయిల్ ఒకసారి మారిస్తే చాలదు, పోసి కాసేపు తిప్పి తీసేసి మళ్ళీ పొయ్యాలి, లోపల మూలల్లో నీళ్ళు ఉండిపోతాయి. చైన్ పిన్నులకి తుప్పు అప్పుడే పట్టి ఉంటది.

ఊడిన రబ్బరు ఎక్కడికో పోలేదు, అదే అసలు సంగతి. ఈ బండికి కాగితం ఫిల్టరు లేదు. కుడి పక్క క్లచ్ కవరు తీస్తే కింద ఒక జాలీ, క్రాంకు చివర గుండ్రంగా తిరిగే ఫిల్టరు ఒకటి, అంతే. పుష్‌రాడ్డు రబ్బరు, రోలర్ల రబ్బరు ముక్కలన్నీ ఆ జాలీకి అడ్డం పడతాయి. జాలీ మూసుకుపోతే పంపు ఆయిల్ లాగలేదు, హెడ్డు ఎండిపోద్ది, కామ్ పట్టేస్తది. కాబట్టి చైన్ కన్నా ముందు కుడి కవరు విప్పి జాలీ కడుగు. అక్కడ దొరికిన రబ్బరు ముక్కలు ఎన్నో చూడు, పుష్‌రాడ్డు తలకి సరిపోయేదాని కన్నా ఎక్కువ ఉంటే గైడ్ రోలరు కూడా పోయినట్టే, అప్పుడు హెడ్డు దించాలి. చైన్, ఆర్ము రోలరు వరకూ అయితే హెడ్డు దించకుండానే అవుద్ది.

సామాను: టైమింగ్ చైన్, రెండు స్ప్రాకెట్లు చూసి అరిగితే అవి, టెన్షనరు సెట్టు, రోలర్లు, ఎడమ కుడి కవర్ల ప్యాకింగులు, కాయిల్ ప్లేటు ఓ-రింగులు, ఆయిల్ సీలు, సీలింగ్ బోల్టు వాషరు, హెడ్డు దించితే హెడ్డు ప్యాకింగు. ఒరిజినల్ తీసుకో, ఇక్కడ పది రూపాయలకి చూసుకుంటే మళ్ళీ ఇదంతా విప్పాలి. పాత చైన్ పట్టుకెళ్ళి కొత్తదానితో లింకులు లెక్కపెట్టి చూడు, షాపు వాడి మాట నమ్మొద్దు.

పానాల్లో నువ్వు కొనాల్సింది మాగ్నెట్‌ని లాగి బయటికి తీసే పుల్లరు ఒక్కటే, మిగతావి నీ దగ్గర ఉంటాయి. సుత్తితో మాత్రం మాగ్నెట్ కొట్టకు. కొడితే లోపలి అయస్కాంతాలు పగులుతాయి, క్రాంకు చివర మర చెడుద్ది, క్రాంకే వంకర తిరిగితే నీ ఆరు వేలు కాదు దానికి డబుల్ అవుద్ది. కాయిల్ ప్లేటు స్టార్ స్క్రూలు బిగుసుకుపోయి ఉంటాయి, మామూలు స్క్రూడ్రైవరుతో తిప్పితే తల అరిగిపోద్ది, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్టు డ్రైవరు ఎవరి దగ్గరన్నా తెచ్చుకో.

ఇక పని. ఆయిల్ మొత్తం తీసెయ్యి. గేరు రాడ్డు తియ్యి, ఎడమ కవరు తియ్యి, టాపెట్ మూతలు, హెడ్డు పక్క గుండ్రటి కవరు తియ్యి, ప్లగ్గు తీసెయ్యి తిప్పడం తేలిగ్గా ఉంటది. మాగ్నెట్‌ని ఎడమ వైపు నుంచి చూస్తా గడియారానికి ఎదురు దిక్కులో తిప్పాలి, అదే ఇంజిన్ తిరిగే దిక్కు. మాగ్నెట్ మీద ఎఫ్ అని ఒక గుర్తు, టి అని ఒకటి ఉంటాయి. ముందు ఎఫ్ వస్తది, అది ప్లగ్గుకి కరెంటు వచ్చే చోటు, మనకి కావాల్సింది టి. కొత్తవాళ్ళు ఎఫ్ దగ్గర ఆపేసి బిగించేస్తారు, బండి స్టార్ట్ అవ్వదు, కార్బొరేటరు మీద పడతారు. టి గుర్తు క్రాంక్‌కేసు మీది గీతకి ఎదురుగా వచ్చినప్పుడు పైన కామ్ స్ప్రాకెట్టు మీద చిన్న సున్నా గుర్తు హెడ్డు మీది గాటుకి ఎదురుగా ఉండాలి. లేకపోతే ఇంకో రౌండు తిప్పు. సరిగ్గా వస్తే రెండు టాపెట్లూ వేలితో కదిలిస్తే కాస్త లూజుగా ఉంటాయి. గుర్తు దాటి వెళ్ళిపోతే వెనక్కి తిప్పి సర్దకు, చైన్ వదులు పక్క మారిపోయి లెక్క తప్పుద్ది, మళ్ళీ ముందుకే తిప్పుకు రా.

ఇక్కడే నీ చైన్ జాతకం తెలుస్తది. టి కరెక్టుగా ఉండి సున్నా గుర్తు గాటుకి కాస్త ముందే ఆగిపోయిందంటే చైన్ పొడుగైంది. ఫోటో తీసి పెట్టుకో.

తర్వాత కింద టెన్షనరు తీసేసి, కామ్ స్ప్రాకెట్టు బోల్టులు విప్పి స్ప్రాకెట్టు తప్పించు. చైన్‌కి ఒక సన్నటి వైరు కట్టు, చైన్ కిందకి లాగినప్పుడు వైరు గూట్లో ఉండిపోవాలి, కొత్త చైన్‌ని దాంతోనే పైకి లాగుతావు, లేకపోతే ఆ గూట్లో చైన్ ఎక్కించడానికి నీ ప్రాణం పోద్ది. మాగ్నెట్ నట్టు విప్పేటప్పుడు మాగ్నెట్ తిరక్కుండా పట్టుకునే హోల్డరు ఉంటే మంచిది. పుల్లరు పూర్తిగా మర ఎక్కిందాకా బిగించు, సగం మర మీద లాగితే మర ఊడొస్తది. క్రాంకు మీద చిన్న మాగ్నెట్ కీ ఉంటది, అది కింద పడితే అయస్కాంతానికి అంటుకుని ఎక్కడుందో తెలియదు, ముందే తీసి జేబులో పెట్టుకో. ప్లేటు తీసి చైన్ కిందకి లాగెయ్.

పాత చైన్ కడిగి అడ్డంగా పట్టుకుని చూడు. కొత్తది పక్కకి పెద్దగా వంగదు, అరిగింది విల్లు తిరుగుద్ది. ఇప్పటికి ఇది, మిగతాది రాత్రికి రాస్తా, మా ఆవిడ అన్నానికి పిలుస్తంది.


భీమవరం బుల్లెట్టు:

బాబాయ్ గారూ మధ్యలో అడుగుతున్నా ఏమనుకోకండి, మా బావ దగ్గర 1.3 డీజిల్ కారు ఉంది, దానికీ టైమింగ్ చైనేనంట, సౌండు వస్తంది. ఇదే పద్ధతిలో ఇంటి దగ్గర చేసేద్దామా?


కాకినాడ డిప్లొమా:

వద్దండీ బాబూ. ఆ 1248 సీసీ డీజిల్‌కి రెండు కామ్‌షాఫ్టులు, వాటిని, క్రాంకుని కదలకుండా పట్టుకునే లాకింగ్ పిన్నులు పెట్టి చెయ్యాలి, గుర్తులు చూసి కంటితో సర్దేది కాదు. ఒక పన్ను తప్పితే వాల్వులు పిస్టన్ని గుద్దేస్తాయి. సౌండు మొదలైతే ఎక్కువ తిప్పకుండా ఆ లాకింగ్ టూల్స్ ఉన్న షెడ్డుకి ఇచ్చెయ్యమనండి. బెల్టు కాదు చైన్ కదా జీవితాంతం ఉంటదిలే అనుకుని ఆయిల్ లేటు చేసేవాళ్ళే ఎక్కువ.


పాత పానా:

డిప్లొమా చెప్పింది నూటికి నూరు పాళ్ళు. కారు జోలికి వెళ్ళకండి.

కుర్రాడా, బిగించడం సంగతి. కొత్త చైన్‌ని కాసేపు ఇంజినాయిల్లో నానబెట్టు. క్రాంకు స్ప్రాకెట్టు మీద ఎక్కించి వైరుతో పైకి లాగు. ప్లేటు ఓ-రింగులకి ఆయిల్ రాసి పెట్టు, లేకపోతే తొడుక్కునేటప్పుడు కోసుకుపోతాయి. మాగ్నెట్ కీ కూర్చున్నాక మాగ్నెట్ తొడిగి టి గుర్తు గీతకి పెట్టు, పైన సున్నా గుర్తు గాటుకి పెట్టి చైన్ ఎక్కించు. వదులంతా టెన్షనరు పక్కకి పోవాలి, రెండో పక్క బిగుతుగా ఉండాలి. ఒక పన్ను తేడా వస్తే క్రాంకు లెక్కలో ఇరవై డిగ్రీల పైనే తప్పుద్ది, కాబట్టి దగ్గర దగ్గరగా ఉందిలే అన్న మాటే లేదు, ఉంటే కరెక్టుగా ఉండాలి లేకపోతే పన్ను తప్పినట్టే.

టెన్షనరు గూట్లో చిన్న కన్నాలు పెట్రోలుతో కడిగి ఊది, పుష్‌రాడ్డు స్ప్రింగు పెట్టి కాస్త ఆయిల్ పోసి కొత్త వాషరుతో బోల్టు బిగించు. ఇప్పుడు అసలు పని, కిక్ కొట్టకుండా మాగ్నెట్ నట్టు మీద పానా పెట్టి చేత్తో మెల్లగా రెండు పూర్తి రౌండ్లు తిప్పు. ఎక్కడన్నా పట్టేసినట్టు అనిపిస్తే ఆపెయ్, బలవంతం చేశావంటే వాల్వు వంగుద్ది. రెండు రౌండ్ల తర్వాత టి, సున్నా రెండూ మళ్ళీ వాటి చోటుకి రావాలి. వచ్చాయంటే గెలిచావు. అప్పుడు టాపెట్లు సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో బండి పుస్తకంలో ఉన్న లెక్కకి సెట్ చెయ్యి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే.


లంక కుర్రోడు:

బాబాయ్ గారూ అయిపోయింది!! ఒక్కపూటలో అవుద్దనుకున్నా, అవ్వలేదు, నాన్నగారు వచ్చేసరికి ఇంజిన్ ముక్కలు అరుగు మీద గోనె సంచి మీద పరిచి ఉన్నాయి. ఏమన్నారో ఇక్కడ రాయను. కానీ కాసేపటికి ఆయనే బ్యాటరీ లైటు పట్టుకుని కూర్చున్నారు.

జాలీలో రబ్బరు ముక్కలు గుప్పెడు వచ్చాయండి, మీరన్నట్టే గైడ్ రోలరు సగం తినేసింది, అందుకని హెడ్డు దించాల్సి వచ్చింది. టి దగ్గర పెడితే సున్నా గుర్తు గాటుకి దాదాపు అర పన్ను వెనకే ఉంది. చైన్ పక్కకి వంచితే బాగా వంగింది, కొన్ని లింకులు తుప్పుతో పట్టేసి ఉన్నాయి. కామ్ స్ప్రాకెట్టు పళ్ళు ఒక పక్కకి అరిగి వంకర తిరిగాయి, అదీ మార్చాను. హెడ్డు దించాను కదా అని సిలిండరు లోపల లైటేసి చూశా, గీతలు ఏమీ లేవు, నున్నగా ఉంది, బోరు అక్కర్లేదు. హెడ్డు నట్లు నాలుగూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా, మా పంచాయతీ మోటారు ఆయన దగ్గర టార్కు రెంచి (బిగువు కొలిచే పానా) తెచ్చి బిగించాం.

ప్లగ్గు తీసి కిక్ కాసేపు ఊరికే తొక్కి, తర్వాత స్టార్టు చేస్తే మొదట్లో కొంచెం గరగరమని సర్దుకుంది, ఇప్పుడు బండి అసలు స్టార్టులో ఉందా లేదా అనిపిస్తంది. ఒకటే డౌటు, సీలింగ్ బోల్టు దగ్గర పొద్దున్నకి ఒక ఆయిల్ చుక్క కనపడతంది. ఇంకా బిగించనా?


పాత పానా:

శభాష్. బిగించకు! క్రాంక్‌కేసు అల్యూమినియం, మర లేచిపోద్ది, తర్వాత లేత్ షాపు చుట్టూ తిరగాలి. వాషరు కొత్తదేనా, బోల్టు ముఖం, కేసు ముఖం శుభ్రంగా తుడిచావా? పాత వాషరు ముక్క అంటుకుని ఉంటే అలాగే కారుద్ది. తీసి చూసి కొత్త వాషరుతో మామూలుగా బిగించు చాలు.

ఇప్పుడు పోసిన ఆయిల్ ఎక్కువ రోజులు ఉంచకు, లోపల ఇంకా చెమ్మ, రబ్బరు పొడి ఉంటాయి, ఒక 500 కిలోమీటర్లకి తీసేసి జాలీ మళ్ళీ ఒకసారి చూడు. నాన్నగారికి గట్టు మీదకి ఒక బ్యాటరీ టార్చి కొనిపెట్టు, హెడ్‌లైటు కోసం ఇంజిన్ తిప్పే పని తప్పుద్ది.


చెరువు గట్టు:

నేనూ చిక్కటి ఆయిల్ తీసేసి టెన్షనరు బోల్టు విప్పి చూశానండీ, నాదీ రబ్బరు లేదు. కుర్రోడు గారూ మీ పుల్లరు ఆదివారం ఒక్కరోజు ఇస్తారా, పొద్దున్న పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లి వచ్చేస్తాను.


లంక కుర్రోడు:

రండి అండీ, రేవు దగ్గరికి నేనే తెచ్చి ఇస్తాను, ఇంపాక్టు డ్రైవరు కూడా తెస్తా. ఒకసారి మీ మాగ్నెట్ మర సైజు చూసి ముందే చెప్పండి, మోడలు తేడా ఉంటే ఇది పట్టదు. సామాను కూడా ముందే కొని పెట్టుకోండి, ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపులు ఉండవు.